కంచె లోపల ఆలివ్ కాయలు

ఫోటిస్ తలుపు తట్టే సమయానికి వినిఫ్రెడ్ నోస్కె రేడియోతో పోట్లాడుతోంది. వార్తలు చదివే అమ్మాయి ఈ వేసవిలో సముద్రతీరానికి ‘లెస్ పీపుల్’ వచ్చారని చెప్పింది.

“ఫ్యూవర్! ఫ్యూవర్ పీపుల్!” అంటూ వినిఫ్రెడ్ వెన్న రాస్తున్న కత్తిని రేడియో వైపు ఆడించింది. “మనుషులేమైనా పాలా, పిండా, కొలిచి పొయ్యడానికి? ఒక్కొక్కళ్ళనీ లెక్కపెట్టుకోవచ్చు కదమ్మా!”

రేడియో పట్టించుకోకుండా క్రికెట్టులోకి వెళ్ళిపోయింది. తలుపు అవతల నుంచి మాత్రం జవాబు వచ్చింది.

“టీచరమ్మా, ఆ పిల్లని వదిలెయ్యి. బయటికి రా, ఇక్కడ అంతకన్నా పెద్ద తప్పు జరిగింది.”

మెట్ల మీద ఫోటిస్ ఖాళీ బక్కెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మార్చి నెల మొదట్లో, ఆ పొద్దుటి వేళకి అతని బక్కెట్టు పచ్చి ఆలివ్ కాయలతో నిండి ఉండాలి. అది మా వీధిలో అందరికీ తెలిసిన సంగతి.

ఫోటిస్ సైప్రస్ నుంచి కుర్రతనంలోనే ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వచ్చి, మా వీధి మూల మీద పళ్ళూ కూరగాయల కొట్టు పెట్టి, ఒళ్ళు సహకరించినంత కాలం నడిపాడు. ఇప్పుడది కూతురి చేతికిచ్చాడు, ఆ అమ్మాయి కాఫీ హోటలు చేసింది. వినిఫ్రెడ్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. ఆ ఇద్దరి పరిచయం తగువుతో మొదలై తగువుతోనే ముదిరింది. కారణం అపాస్ట్రఫీ, అక్షరాల నెత్తిన వేలాడే ఆ చిన్న గుర్తు. ఫోటిస్ దాన్ని ఈగ అనేవాడు. ధరల పలకల మీద ఏ మాట చివర ఎస్ అక్షరం వచ్చినా దాని ముందు ఒక ఈగను వాల్చేవాడు. టమోటాల మీద ఈగ, అరటిపళ్ళ మీద ఈగ. వినిఫ్రెడ్ సంచీలోంచి తడిగుడ్డ తీసి తుడిచేది. మర్నాటికి మళ్ళీ వాలేది.

“అది ఒకదానికి ఇంకొకటి సొంతమని చెప్పే గుర్తు, ఫోటిస్. ‘టమోటాది’ అని రాశావు. ఏంటి టమోటాది?” అని ఆమె అడిగితే, “ధర టమోటాది కాక నాదా?” అనేవాడు. దానికి ఆమె దగ్గర జవాబుండేది, కానీ వెనక వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వేసేవారు.

“కంచె వేశారు,” అన్నాడు ఫోటిస్ ఇప్పుడు.

“ఏటా వేస్తారుగా.”

“ఏటా అటు గుర్రాల మైదానం వైపు వేసేవారు. ఈసారి నా చెట్లని కూడా మింగేసింది. ఏదో సంబరం, తిండీ, వైనూ, పాటలూనట. నెలాఖరు దాకా ఉంటుందట. అప్పటికి కాయ నల్లబడిపోతుంది. నల్ల కాయ తీసుకెళ్తే ఆండ్రులా నన్నే రాయి పెట్టి పగలగొడుతుంది.”

ఆండ్రులా అతని భార్య. అడిలైడ్‌కి నడుం చుట్టూ వడ్డాణంలా పార్కులున్నాయి. ఆ పార్కుల్లో, ఎవరో తాతలనాడు నాటిన ఆలివ్ చెట్ల వరసలున్నాయి. ఫోటిస్ పచ్చి కాయలు కోసి తెస్తే ఆండ్రులా ఒక్కోటీ రాయితో చితక్కొట్టి, రోజూ నీళ్ళు మార్చి చేదు తీసి, ఉప్పూ, నిమ్మకాయా, వెల్లుల్లీ, దంచిన ధనియాలూ వేసి ఊరబెట్టేది. ఈస్టరు నాటికి వీధిలో ప్రతి ఇంటికీ ఒక సీసా వెళ్ళేది. వినిఫ్రెడ్‌కి రెండు.

ఆ రెండు సీసాలూ కళ్ళముందు మెదిలాయి కాబోలు, వినిఫ్రెడ్ రేడియో కట్టేసి టోపీ అందుకుంది.

పార్కు దగ్గర మనిషెత్తు ఇనప కంచె, దానికి నల్లగుడ్డ. గేటు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి బ్యానర్ కట్టారు: ‘ఎవ్రీవన్స్ పార్క్’. దాని కింద చిన్న అక్షరాల్లో టికెట్టు ధర, అరవై అయిదు డాలర్లు.

వినిఫ్రెడ్ అక్కడే ఆగిపోయింది. “చూశావా? ‘అందరి పార్కు’ అని రాసి ఈగని వదిలేశారు. ఉండాల్సిన చోట ఒక్కటీ ఉండదు!”

ఫోటిస్ తల పైకెత్తి చూశాడు. “సొంతమని చెప్పే గుర్తు తీసేశారన్నమాట. మరి నిజమే రాశారుగా, టీచరమ్మా. అందరిదీ కాదుగా ఇప్పుడు.”

వినిఫ్రెడ్ బ్యానర్‌ని ఇంకోసారి చదివి గేటు వైపు నడిచింది.

గేటు దగ్గర కాపలా మనిషి పేరు ఫెలేటి. సమోవా దీవుల వాడు. అతను నిలబడితే వేరే గేటు అక్కర్లేదనిపించే మనిషి, గొంతు మాత్రం మెత్తన.

“టికెట్టు, అంకుల్?”

“టికెట్టెందుకు? నేను కాయలు కోసుకోవడానికొచ్చాను. అవిగో, ఆ చెట్లు.”

“టికెట్టు లేకపోతే పంపకూడదు అంకుల్.”

“మొన్నటిదాకా పంపారుగా?”

“మొన్న నేను లేను. కంచె కూడా లేదు.”

ఇంతలో ఫోటిస్ జేబులో ఫోను మోగింది. ఆండ్రులా గొంతు ఫోను చెవిన పెట్టుకోకుండానే వినిపిస్తుంది.

“కోశావా?”

“లోపలికి రానివ్వట్లేదే.”

“ఎవడు వాడు? ఫోనివ్వు!”

ఫెలేటి భయంగానే ఫోను అందుకున్నాడు. “హలో ఆంటీ... కాదు ఆంటీ... నా చేతిలో లేదు ఆంటీ... తిన్నానాంటీ, పొద్దున్నే... అవునాంటీ, మా అమ్మా ఇలాగే తిడుతుంది...” ఫోను తిరిగిచ్చి చెవి తుడుచుకున్నాడు. “అంకుల్, మిమ్మల్ని చూస్తే జాలేస్తోంది. కానీ నా ఉద్యోగం పోతుంది.”

ఈ సంభాషణ జరిగినంతసేపూ వినిఫ్రెడ్ కళ్ళజోడు సవరించుకుంటూ గేటు పక్కనున్న బోర్డు చదువుతోంది. ఒకసారి చదివింది. వెనక్కి జరిగి మళ్ళీ చదివింది. బడిలో వెనక బెంచీ పిల్లల జేబులో కప్ప దొరికినప్పుడు ఆమె మొహం ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది.

“నాయనా ఫెలేటీ, ఇది కాస్త పైకి చదువు.”

ఫెలేటి చదివాడు. “ఫ్రీ ఎంట్రీ ఫర్ చిల్డ్రన్ అండ్ పెన్షనర్స్ హాఫ్ ప్రైస్.”

“ఎక్కడైనా ఆగావా?”

“ఆగడానికక్కడ ఏమీ లేదు ఆంటీ.”

“అదీ! చిల్డ్రన్ దగ్గర చుక్క పెట్టి ఉంటే పిల్లలకి ఉచితం, పెన్షనర్లకి సగం ధర. చుక్క లేదు. కనక పిల్లలకీ పెన్షనర్లకీ ఉచితం. ఆ తర్వాత ఊరికే ‘సగం ధర’ అని ఉంది. ఎవరికో చెప్పలేదు, బహుశా నీకేమో. ఇదిగో నా పెన్షన్ కార్డు. ఫోటిస్, నీది తియ్యి.”

“వాళ్ళ ఉద్దేశం అది కాదు ఆంటీ.”

“ఉద్దేశం బోర్డు మీద రాసి లేదు నాయనా.”

వెనక గడ్డి టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు నిలబడి శ్రద్ధగా వింటున్నాడు. “ఆవిడ చెప్పింది నిజమేనయ్యా,” అని తనూ కార్డు తీశాడు. అతని వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు సంచులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఫెలేటి వాకీటాకీలో మేనేజరుకి కాయల సంగతీ, కార్డుల సంగతీ చెప్పి రమ్మన్నాడు.

వచ్చిన అమ్మాయి పేరు టామ్సిన్. సదరన్ టేబుల్ అనే కంపెనీ తరఫున ఈ సంబరమంతా తనే నడుపుతోంది. ఎండకి ముక్కు కందిపోయి ఉంది. రెండు చేతుల్లో రెండు ఫోన్లు.

“చదివితే అర్థమైపోతుంది కదండీ, ఏం చెప్పదలచుకున్నామో!” అంది.

“నీకు ఒకలా అర్థమైంది. ఆయనకి ఇంకోలా అర్థమైంది,” అని వినిఫ్రెడ్ వేలు చూపించింది. గడ్డి టోపీ ఆయన వీళ్ళు మాట్లాడుకుంటుండగానే లోపలికి వెళ్ళిపోయి, మాంసం కూరిన ‘పై’ అనే రొట్టె కొనుక్కుని, సాసు పోసుకుంటూ ఎవరికో ఫోన్ చేస్తున్నాడు.

టామ్సిన్ అతన్ని చూసింది. బోర్డును చూసింది. పెదాలు కదుపుతూ లోలోపల చదువుకుంది. “అయ్యో రామా,” అనాల్సిన చోట వాళ్ళనుకునే మాటేదో అనుకుంది. “మీరేం చేస్తుంటారండీ?”

“ఇంగ్లీషు చెప్పేదాన్ని.”

“ఇంకెక్కడైనా ఇలాంటివి ఉన్నాయా?”

ఆ ప్రశ్న ఆమెను అడగకూడదు. గేటు దగ్గర నిలబడి కనిపించినంత మేరకే వినిఫ్రెడ్ ఏకరువు పెట్టింది. పైన బ్యానర్ సరే సరి. ఐస్‌క్రీం బండి మీద ‘షుడ్ ఆఫ్’ అని ఉంది, ‘షుడ్ హావ్’ ఉండాలి. మరుగుదొడ్ల మీద ‘లేడీస్’ నెత్తిన అక్కర్లేని ఈగ. చెత్తడబ్బా మీద ‘ఇట్స్’కి ఉండాల్సిన ఈగ లేదు. జున్ను కొట్టు మీద మూడు తప్పులు.

“ప్రింటర్లు శనివారం ఫోనెత్తరు,” అంది టామ్సిన్ నీరసంగా. “మధ్యాహ్నం పేపరు వాళ్ళు ఫొటోలు తీసుకోవడానికొస్తున్నారు.” వినిఫ్రెడ్ వైపు తిరిగింది. “మీరు దిద్దిపెడతారా? పెన్నూ, తెల్ల స్టిక్కర్లూ నేనిస్తాను. ఈయన ఆ చెట్ల దగ్గర కాయలు కోసుకోవచ్చు. ఇవాళే కాదు, కంచె ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే రమ్మనండి.”

“మరి వీళ్ళు?” ఆ ఆడవాళ్ళ వైపు చూపించింది వినిఫ్రెడ్.

“బోర్డు మార్చేదాకా బోర్డు మీదున్నదే మాట. పంపించు ఫెలేటీ.”

వినిఫ్రెడ్ తటపటాయించింది. ఈ కంచెలు వద్దని ఆమె పోయిన నెలే అర్జీ మీద సంతకం పెట్టింది. పార్కు కాపాడే సంఘంలో మెంబరు కూడా. ఇప్పుడు వాళ్ళ బోర్డులే దిద్దడమంటే ఎదటి జట్టుకి బంతి అందించినట్టే.

ఫోటిస్ చెవిలో అన్నాడు. “టీచరమ్మా, ఆ బ్యానర్ అలా వదిలేసి ఇంటికెళ్తే నీకు నిద్ర పడుతుందా?”

“పట్టదు,” అని ఒప్పుకుని ఆమె పెన్ను తీసుకుంది.

ముందు బ్యానర్. ఆమెకి అందదు. ఆమె ఈగ గీసిచ్చిన స్టిక్కరుతో ఫెలేటి కుర్చీ ఎక్కి చెయ్యి చాపాడు. “కాస్త ఎడమకి. ఇంకాస్త. అక్కడ పెట్టు. తోక కిందికి!” ఫెలేటి నాలుక బయటపెట్టి, జాగ్రత్తగా పెట్టాడు. దిగి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసుకుని, “బావుంది ఆంటీ, ఇప్పుడు ఇంగ్లీషులా ఉంది,” అన్నాడు.

అక్కణ్ణించి ఆమె కొట్టు కొట్టుకీ తిరిగింది. ఐస్‌క్రీం కుర్రవాడు నవ్వి ఒక కోను ఇచ్చాడు. జున్ను కొట్టావిడ మాత్రం, “పదేళ్ళుగా ఇదే బోర్డు, ఒక్కరూ ఏమనలేదు,” అని చేతులు కట్టుకుంది. “ఇంటికెళ్ళాక అనుకుంటారమ్మా, మొహం మీద అనరు,” అని వినిఫ్రెడ్ స్టిక్కరు అతికించేసింది. చాలా ఏళ్ళ తర్వాత ఆమె మాట విని జనం నిజంగా ఏదో మార్చుకుంటున్నారు. స్టేజీ మీద బ్యాండు వాయిస్తుంటే ఆమె బూటు దానంతటదే తాళం వేసింది.

కంచె పక్కగా వెళ్తుంటే అవతలి నుంచి ఎవరో గట్టిగా పిలిచారు. “వినిఫ్రెడ్! నువ్వా!”

పార్కు సంఘం కార్యదర్శి గ్లెనిస్. నల్లగుడ్డ కాస్త పక్కకి లాగి తొంగిచూస్తోంది. ఆమె చేతిలో కర్రకి కట్టిన అట్ట. వినిఫ్రెడ్ మెళ్ళో టామ్సిన్ వేసిన సంబరం బిళ్ళ.

“మేం ఇక్కడ ఎండలో నిలబడి అరుస్తుంటే నువ్వు లోపల బిళ్ళ వేసుకుని తిరుగుతున్నావా? నువ్వు ఎవరి వైపు?”

వినిఫ్రెడ్ కళ్ళు అప్పటికే అట్ట మీద ఉన్నాయి. ‘యువర్ స్టీలింగ్ అవర్ పార్క్’ అని ఉంది, ఈగా లేదు, ‘ఆర్’ లేదు.

“గ్లెనిస్, మీరు మా పార్కు దోచుకుంటున్నారు అని కదా నీ ఉద్దేశం? నువ్వు రాసింది మీ దొంగతనమే మా పార్కు అని. ఎవరి వైపో తర్వాత చెప్తాను, ముందు ఆ అట్ట ఇలా దూర్చు.”

గ్లెనిస్ అట్ట వైపు చూసి, ఎర్రబడి, కంచె కింది సందులోంచి దూర్చింది. వినిఫ్రెడ్ దిద్ది వెనక్కి తోసింది. “కంచె వద్దనే నేనూ అంటాను. కానీ వద్దనేది తప్పుల్లేకుండా అనాలి,” అంది.

ఆ సమయానికి ఫోటిస్ చెట్ల దగ్గర వేరే చిక్కులో ఉన్నాడు. బక్కెట్టు సగం నిండేసరికి చుట్టూ జనం చేరారు. వైను గ్లాసు పట్టుకున్న ఒకావిడ, “తర్వాతి ప్రదర్శన ఎన్నింటికండీ?” అని అడిగింది.

“ఏం ప్రదర్శన?”

“ఇదే, పాతకాలం పద్ధతిలో ఆలివ్ కోత. చాలా సహజంగా చేస్తున్నారు.”

“యాభై ఏళ్ళుగా చేస్తున్నానమ్మా, ఇప్పటికైనా సహజంగా రాకపోతే ఎలా?”

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటిస్‌కి కొట్టు నడిపిన రోజులు గుర్తొచ్చాయి. ఎదురుగా మనుషులుంటే అతని నోరు ఊరుకోదు. ఒక చదునైన రాయి వెతికి, కాయ పెట్టి, ఇంకో రాయితో ఒక్క దెబ్బ. “గట్టిగా కొడితే గింజ పగులుతుంది, మెల్లిగా కొడితే చేదు పోదు. పెళ్ళాంతో మాట్లాడినట్టు కొట్టాలి, వినపడాలి కానీ నొప్పి పుట్టకూడదు.” ధనియాలు ఎప్పుడు వెయ్యాలో చెప్పాడు, నీళ్ళు ఎన్నిసార్లు మార్చాలో చెప్పాడు. ఎవరో అట్టముక్కా, పెన్నూ ఇచ్చారు. ఆలివ్‌లు అమ్మడానికి కావు అని ఇంగ్లీషులో రాసి, అలవాటుగా ‘ఆలివ్స్’లో ఎస్ ముందు ఒక ఈగను వాల్చాడు. వినిఫ్రెడ్ దాటిపోతూ కొట్టేసింది. ఆమె అటు తిరగ్గానే మళ్ళీ పెట్టాడు. జనానికి అదీ ప్రదర్శనలో భాగమే అనిపించి మళ్ళీ చప్పట్లు కొట్టారు.

మూడు దాటాక టామ్సిన్ పరుగున వచ్చింది. “టీచర్! గేటు బోర్డు ఇంకా దిద్దలేదా? పెన్షనర్లు బస్సుల్లో వస్తున్నారు! గడ్డి మీద బంతులు దొర్లించే ముసలాళ్ళ లాన్ బౌల్స్ క్లబ్బు మొత్తం లోపలుంది!”

గడ్డి టోపీ ఆయన ఫోన్ చేసింది అక్కడికే.

“వరసగా వస్తున్నానమ్మా,” అంది వినిఫ్రెడ్ ప్రశాంతంగా. “గడియారం ముల్లు తిరిగినట్టు మొదలుపెట్టాను. గేటు చివర్న వస్తుంది.”

టామ్సిన్ నడుం మీద చేతులు పెట్టుకుని ఆమెను చూసింది. తర్వాత పక్కనున్న గడ్డిమోపు మీద కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ అమ్మాయి పొద్దున్నుంచీ ఏమీ తినలేదని వినిఫ్రెడ్‌కి అప్పుడర్థమైంది. ఐస్‌క్రీం కుర్రవాడి దగ్గరికి తీసుకెళ్ళి, ఎదురుగా కూచుని తినిపించాకే గేటు వైపు నడిచింది. బౌల్స్ క్లబ్బు వాళ్ళు తాగిన వైనూ, తిన్న పైలూ టికెట్ల నష్టాన్ని పూడ్చేశాయని టామ్సిన్ తర్వాతెప్పుడో చెప్పింది. అది నిజమో, మర్యాదకన్నదో తెలీదు.

సాయంత్రం ఆండ్రులా బక్కెట్టులోకి చూసి ఆశ్చర్యపోయింది. “ఇంతేనా?”

“కొన్ని జనానికి పగలగొట్టి చూపించాను.”

“కొన్నా? మూడొంతులు! అదీ ఎలా కొట్టావు, ఇదిగో, గింజలు విరిగిపోయాయి! ఇలా కొట్టమని నేను నేర్పానా? అంతమంది ముందు నా పరువు తీశావు!”

“వాళ్ళు చప్పట్లు కొట్టారే...”

“వాళ్ళకేం తెలుసు!”

మర్నాడు ఆండ్రులా తనే బయల్దేరింది. మోకాళ్ళ ఆపరేషనైన దగ్గర్నుంచి ఆమె వీధి చివరి దాకా కూడా నడవలేదు. ఫోటిస్ చక్రాల కుర్చీ తోస్తుంటే గేటు దగ్గర ఫెలేటి అందుకున్నాడు. “ఫోనులో ఆంటీ మీరేనా?” అని వంగి దండం పెట్టినంత పని చేశాడు. ఆమె అతన్ని కిందినుంచి పైదాకా చూసి, “ఇంత మనిషివి, పొద్దున్న ఏం తిన్నావో నిజం చెప్పు,” అంది. ఆ వారమంతా చెట్టు కింద కుర్చీలో కూచుని రాయి పట్టుకున్నది ఆమే. కాయలందించడం ఫోటిస్ పని. వైను కొట్ల కన్నా అక్కడే ఎక్కువమంది ఉండేవారని చూసినవాళ్ళు చెప్పారు. ఈస్టరుకి వీధిలో సీసాలు తగ్గలేదు. ఫెలేటి వాళ్ళమ్మకి ఒకటి అదనంగా వెళ్ళింది.

చలికాలంలో నగరపాలక సంస్థ వాళ్ళు వచ్చే ఏటి సంబరాల మీద జనం అభిప్రాయాలు అడిగే సమావేశం పెట్టారు. గ్లెనిస్ కంచెలే వద్దంది. టామ్సిన్ కంచె లేకపోతే పాటగాళ్ళకి డబ్బు ఎవరిస్తారని అడిగింది. ఇద్దరూ గొంతులు పెంచాక వినిఫ్రెడ్ లేచింది. “గ్లెనిస్ మాటే నా మాట. అది కుదరదంటే కనీసం చెట్లని వదిలి కంచె వెయ్యండి. ఆ చెట్లు టికెట్టు కొనలేవు,” అని కూచుంది. ఆండ్రులా లేవకుండానే ఇంకొన్ని మాటలంది, అవి గ్రీకులో అంది కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

మార్చి మళ్ళీ వచ్చింది. కంచె ఆలివ్ వరసకి అవతలే ఆగింది. టికెట్టు ధర తగ్గలేదు, గ్లెనిస్ కోపమూ తగ్గలేదు. ఆమె గేటు ఎదురుగా అట్ట పట్టుకుని నిలబడింది. ఎండ ముదిరాక చెట్ల నీడకి వచ్చి కాయలేరింది. లోపల బ్యాండు వాయిస్తుంటే ఇవతల దుప్పట్లు పరుచుకుని వీధంతా కూచుంది. డ్యూటీ దిగిన ఫెలేటి ఈసారి తనతో ఒకమ్మాయిని తీసుకొచ్చాడు. ఆండ్రులా ఆ అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని చేతికి రాయిచ్చింది.

“కొట్టమ్మా. నువ్వెలాంటిదానివో నేను చెప్తాను.”

అమ్మాయి ఫెలేటి వైపు చూసింది. ఫెలేటి ఆకాశం వైపు చూశాడు. ఆమె కాయ పెట్టి ఒక్క దెబ్బ వేసింది. ఆండ్రులా దాన్ని ఎత్తి, వెలుతురుకి పట్టి, అటూ ఇటూ తిప్పి, బక్కెట్టులో వేసింది.

“పెళ్ళెప్పుడు?” అని అడిగింది.